మూడో గుంజ కాడి బర్రె, నాలుగో అరలో డిస్కు

పోయిన ఎండాకాలం ఒక రాత్రి, మా ఇంట్లో మెట్ల కింద గొంతుక్కూర్చుని, చచ్చిపోయిన హార్డ్ డిస్కును లోపలే ఉంచి, నిక్షేపంలా ఉన్న డిస్కును బయటికి లాగేశాను. పైగా చాలా జాగ్రత్తగా లాగాను. కరెంటు తీసేసి, చెయ్యి ఒకసారి ఇనుప డబ్బాకి తాకించి, నాలుగు స్క్రూలూ పోకుండా టీ గ్లాసులో వేసి మరీ లాగాను.

మాది నల్లగొండ. క్లాక్ టవర్ దగ్గర చిన్న ఫోటో స్టూడియో. ఇప్పుడు ఒక్క లగ్గం తీస్తే మూడు కెమెరాలు, డ్రోన్ కలిపి మూడు వందల జీబీ దాకా తేలుతుంది. పెళ్లివాళ్లు ఆల్బమ్ డిజైన్ ఓకే చేయడానికి ఆర్నెల్లు తీసుకుంటారు. కొందరైతే మొదటి బిడ్డ పుట్టువెంట్రుకల ఫంక్షన్ మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు, పనిలో పనిగా పెళ్లి ఆల్బమ్ సంగతి ఎత్తుతారు. అందుకని ఏదీ చెరిపేసే వీల్లేదు. పాత కంప్యూటర్ డబ్బాలో ఎనిమిది టీబీల డిస్కులు నాలుగు బిగించి, వాటన్నింటినీ కలిపి ఒకే నిల్వగా (దాన్నే పూల్ అంటారు) నడిపే సాఫ్ట్‌వేర్ జడ్‌ఎఫ్‌ఎస్ పెట్టి, ఇంట్లో సర్వర్ నడుపుతున్నాను. రెయిడ్-జడ్ 1 ఏర్పాటు. అంటే నాలుగింట్లో ఏ ఒక్కటి పోయినా డేటా నిలబడుతుంది. రెండోది కూడా పోతే మాత్రం అంతా గోవిందా.

డిస్కులుండే అరల మీద, పెళ్లి సీడీల మీద పేర్లు రాసే పర్మనెంట్ మార్కర్‌తోనే ఏ, బీ, సీ, డీ అని రాసుకున్నాను. సర్వర్‌ను నడిపే లినక్స్ వాటిని ఎస్‌డీఏ, ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ అని పిలుస్తుంది కదా, అదీ ఇదీ కలిసిపోతుందని నా తెలివి. ఆ సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. యూపీఎస్‌లో బ్యాటరీ ముసలిదైపోయింది, మారుద్దాం మారుద్దాం అంటూనే ఉన్నాను. సర్వర్ మళ్లీ లేచాక పూల్ డిగ్రేడెడ్, అంటే ఒక డిస్కు తగ్గింది అని చూపించింది. డిస్కుల జాబితా తీస్తే ఏ ఉంది, బీ ఉంది, సీ ఉంది. డీ లేదు. ఇంకేముంది, పోయింది డీనే అనుకుని, మెషిన్ ఆపి, డీ అని రాసిన అరలోంచి డిస్కు ఊడదీసి, కొత్తది బిగించి స్విచ్ వేశాను.

పూల్ లేవలేదు.

అసలు పోయింది బీ. బీ పలక్కపోయేసరికి లినక్స్ సీని బీ అంది, డీని సీ అంది. ఈ అక్షరాలు డిస్కుకి పెట్టిన పేర్లు కావు, లేచేటప్పుడు ఎవరు ముందు కనబడితే వాళ్లకు అంటించే టోకెన్లు. బడిలో రెండో నంబరు పిల్లగాడు రాకపోతే మూడో నంబరువాణ్ని పట్టుకుని ‘రెండు’ అని హాజరు వేసే సారును ఎక్కడైనా చూశామా? లినక్స్ అచ్చంగా అలాంటి సారు. ఏ డిస్కూ చావకపోయినా, ఒక కార్డు కొత్తగా గుచ్చినా, కొన్నిసార్లు ఏమీ ముట్టుకోకుండా రీబూట్ చేసినా వరుస మారిపోవచ్చు.

అప్పుడు మా నాయిన నీళ్లు తాగడానికి లేచి వచ్చాడు.

“ఏందిరా, గంట నుంచి మెట్ల కిందనే కూసున్నవ్?”

“డిస్కు పోయింది నాయినా.”

“ఏది?”

“నాలుగోది.”

“నాలుగోదంటే, ఎటు దిక్కు నుంచి?”

నా దగ్గర జవాబు లేదు. కట్టంగూరు అవతల మా ఊళ్లో ఆయన ముప్పై ఏళ్లు బర్రెల్ని సాకాడు. కొట్టంలో గుంజలు వరుసగా ఉండేవి. మూడో గుంజ కాడి బర్రె పాలు తగ్గించింది అంటే ఇంట్లో అందరికీ తెలిసేది. కానీ ఆ మాట ఆ పూటకే పనికొచ్చేది. మేతకు పోయి వచ్చాక ఏది ఏ గుంజకు కట్టామన్నది కట్టినవాడి ఇష్టం. అందుకే గాలికుంటు టీకా వేసేవాళ్లు గుంజ లెక్క రాసుకోరు. చెవికి పసుపుపచ్చ పోగు వేసి, దాని మీద ఉన్న పన్నెండంకెల నంబరు రాసుకుని పోతారు. మా నాయినకు ఆ పోగు కూడా అక్కర్లేదు, మొకం చూసి చెప్తాడు. నా నాలుగు డిస్కులకు ఒకటే మొకం. ఒకటే కంపెనీ, ఒకటే సైజు, ఒకటే రంగు లేబుల్.

మళ్లీ ఆపి, తీసినదాన్ని తీసిన చోటే పెట్టాను. పూల్ లేచింది. మధ్యలో ఎక్కడా రాత పని జరగలేదు కాబట్టి బతికిపోయాను. తీరిగ్గా స్టేటస్ చదివితే, పోయిన డిస్కు చోట ఒక పొడుగాటి అంకె, దాని పక్కన ‘ఇదివరకు ఎస్‌డీబీ’ అన్న ముక్క కళ్లకు కట్టినట్టు కనబడుతోంది. మొదట చూసినప్పుడూ అది అక్కడే ఉండి ఉంటుంది. మన బుర్రలో జవాబు ముందే ఉంటే స్క్రీన్ మీద ఏముందో ఎవడు చదువుతాడు?

ఈ తప్పు నా వయసు వాళ్లే ఎక్కువ చేస్తారని నా అనుమానం. పత్రికతో వచ్చిన సీడీల నుంచి లినక్స్ ఎక్కించుకున్న రోజుల్లో ఉండేవి ఐడీఈ డిస్కులు. వెడల్పాటి రిబ్బను కేబుల్, డిస్కు వెనక చిటికెన వేలి గోరంత జంపర్, మాస్టర్, స్లేవ్. అప్పట్లో లినక్స్ వాటిని హెచ్‌డీఏ, హెచ్‌డీబీ అనేది. ఆ అక్షరం నిజంగానే చోటుకి కట్టుబడి ఉండేది. మొదటి కేబుల్ మీద మాస్టర్ ఏ, స్లేవ్ బీ, రెండో కేబుల్ మీద మాస్టర్ సీ. బీ పీకేసినా సీ ఎప్పటికీ సీనే. సన్న కేబుల్ సాటా డిస్కులు వచ్చాక మొదటి అక్షరం హెచ్ పోయి ఎస్ వచ్చింది, దాంతోపాటు ఆ కట్టుబాటూ పోయింది. నా చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు నా అసలు పేచీకి వస్తాను. ఇంట్లో సర్వర్ పెట్టుకున్న ఎవరినైనా అడగండి, “డిస్కులు ఏ వరుసలో పెట్టినా ఏం కాదన్నా” అంటారు. అబద్ధం కాదు. జడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కు మీదా తన గుర్తు నాలుగు చోట్ల రాసుకుంటుంది, మొదట్లో రెండు, చివర్లో రెండు. నేను ఫలానా పూల్‌కి చెందినదాన్ని, నాతోటివి ఇవీ అన్నది అందులో ఉంటుంది. లినక్స్ సొంత ఎండీ రెయిడ్ కూడా డిస్కు మీదే ఇలాంటి చీటీ పెట్టుకుంటుంది. పేకముక్కల్లా కలిపేసి ఎక్కడ ఏది గుచ్చినా, సర్వర్ వాటిని ఏరుకుని పూల్ లేపుతుంది. చోటు పట్టింపు ఉన్న ఏర్పాట్లు లేకపోలేదు. అన్‌రెయిడ్‌లో రెండు పారిటీ డిస్కులు (పోయిన డేటాను లెక్కగట్టి తిరిగి రాబట్టేవి) పెట్టుకుంటే, రెండో పారిటీ లెక్కలో ఏ డిస్కు ఎన్నో స్థానంలో ఉందన్నది కూడా కలుస్తుంది. అది పక్కన పెడితే, మాట మొత్తం మీద నిజమే.

కానీ అది సర్వర్ తరఫు నిజం. వరుస అక్కర్లేనిది సర్వర్‌కి. చెయ్యి పెట్టి లాగేది సర్వర్ కాదు కదా! దానికి అక్కర్లేదు కాబట్టే మనం రాసుకోం, రాసుకోం కాబట్టే రాత్రి పదకొండింటికి నాలాంటి పని చేస్తాం. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ అనే ఆలోచనను కాగితం మీద పెట్టిన దగ్గర్నుంచీ, చవక డిస్కులు చస్తూనే ఉంటాయి, చచ్చినదాన్ని తీసి కొత్తది పెట్టుకోవాలి అన్నదే లెక్క. ‘చచ్చినదాన్ని తీసి’ అన్న చోట ఒక మనిషి ఉన్నాడు. రెయిడ్-జడ్ 1 నడిపేవాడి దగ్గర ఒక్క డిస్కు పోయాక ఆ మనిషి చెయ్యి తప్పితే ఇంకో అవకాశం ఉండదు.

అందుకని నేననేది, ప్రతి డిస్కుకీ రెండు పేర్లుండాలి. ఒకటి చోటు పేరు, ఒకటి ఒంటి పేరు. రెండూ రాసి ఉండాలి, రెండూ ఒకదానితో ఒకటి కలవకూడదు.

ఒంటి పేరంటే సీరియల్ నంబరు. లినక్స్‌లో డిస్కుల కింద బై-ఐడీ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో ప్రతి డిస్కూ మోడల్, సీరియల్ కలిపిన పేరుతో కనబడుతుంది. స్మార్ట్‌సీటీఎల్ కమాండ్‌తో అడిగినా అదే చెప్తుంది. డిస్కు లేబుల్ మీదా అదే అచ్చు వేసి ఉంటుంది. పూల్‌ని ఎస్‌డీ అక్షరాలతో కట్టి ఉంటే కంగారు పడక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ చేసి, బై-ఐడీ ఫోల్డర్ చూపించి మళ్లీ ఇంపోర్ట్ చేస్తే చాలు, డేటా ఈగ వాలినంత కూడా కదలదు. ఆ తర్వాత స్టేటస్‌లో అక్షరాల బదులు సీరియల్ నంబర్లే వస్తాయి. ఒక్క జాగ్రత్త. యూఎస్‌బీ డబ్బాలో పెట్టిన డిస్కుల విషయంలో కొన్నిసార్లు డబ్బాలో ఉన్న చిప్పు తన నంబరే చెప్తుంది, డిస్కుది చెప్పదు. చవక డబ్బాలు రెండు ఒకే నంబరు చెప్పిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ నంబర్లు డిస్కు బతికుండగానే రాసుకోవాలి. చచ్చాక దాన్ని పేరు అడగలేం. చచ్చే ముందు చెప్తుందిలే అనుకుంటే అదీ నమ్మకం లేదు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల రికార్డులు చూసి రాసిన పేపర్లో, చచ్చిన డిస్కుల్లో సగానికి పైగా డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ సంకేతాల్లో ముఖ్యమైన నాలుగింటిలో ఒక్కటీ ఇవ్వకుండానే పోయాయని తేలింది. కాబట్టి పోయిన డిస్కును వెతికే పద్ధతి ఒకటే. బతికున్నవాటి నంబర్లన్నీ పలికించి, రాసుకున్న పట్టీలో కొట్టేసుకుంటూ పోతే, మిగిలింది అది. డబ్బాకి లైట్లుంటే ఇంకా సులువు. బతికున్నవాటిని ఒక్కొక్కటే చదివిస్తే వాటి లైట్లు మినుకుమంటాయి, మినుకుమననిదే పోయినది. డీడీ కమాండ్‌తో చదివించేటప్పుడు మాత్రం ఐఎఫ్ (ఎక్కణ్నుంచి చదవాలి), ఓఎఫ్ (ఎక్కడ రాయాలి) తారుమారు చేయకండి. చదవడానికి పోయి చెరిపేస్తారు, అదింకో వ్యాసమవుతుంది.

పట్టీ ఎక్కడ దాచాలన్నదీ చెప్పాలి. నేను మొదట్లో చక్కగా ఎక్సెల్‌లో చేసి ఆ సర్వర్‌లోనే దాచాను. బీరువా తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఇప్పుడు ఒక కాగితం డబ్బా తలుపు లోపలి వైపు అంటించి ఉంది, దానికి ఫోటో తీసి ఫోన్లో పెట్టాను.

స్టిక్కర్ సంగతి తేలిగ్గా కనబడుతుంది కానీ దాని దగ్గర నేను రెండుసార్లు దెబ్బతిన్నాను. డిస్కు పైన ఉండే కంపెనీ లేబుల్, అరలోకి తోశాక కనబడదు, పక్క డిస్కు అడ్డం. కాబట్టి మనకు ఎదురుగా ఉండే అంచు మీద, అంటే కేబుల్ గుచ్చే వైపుకి ఎదురు అంచు మీద, సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు రాసి అంటించాలి. మొదటిసారి మామూలు ధరల స్టిక్కర్లు అంటించాను. మెట్ల కింద వేడికి జిగురు కరిగి మే నెలలో రెండు ఊడి కింద పడ్డాయి. ఏది ఏ డిస్కుదో ఇక ఆ దేవుడికే తెలియాలి. రెండోసారి గట్టి టేపు తెచ్చి, ఊడిపోతుందేమోనని ఒక డిస్కు మీద దాకా లాగి అంటించాను. తర్వాత చూస్తే దాని కింద గుండుసూది తలంత రంధ్రం, పక్కనే దీన్ని మూయొద్దు అని అచ్చు. లోపల గాలి ఉండే డిస్కులు ఆ రంధ్రంతోనే బయటి గాలి ఒత్తిడికి సర్దుకుంటాయి. హీలియం నింపిన డిస్కులకు అది ఉండదు, పూర్తిగా సీలు వేసి ఉంటాయి. నాది గాలి డిస్కు. టేపు పీకి, అంచు వరకే కత్తిరించి అంటించాను. ఎనిమిదికీ బీకీ తేడా తెలియడానికి బీ మీద చిన్న సున్నా చుట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాను.

ఇక చోటు పేరు. ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకున్నందుకే కదా మోసపోయింది. అంకెలు పెడితే ఎటు దిక్కు నుంచి అన్న నాయిన ప్రశ్న. అందుకని తెలుగులో అ, ఆ, ఇ, ఈ అని రాశాను. ఫోన్లో మా తమ్ముడికి ‘ఆ’ అని చెప్తే “ఆఁ, చెప్పన్నా” అన్నాడు. దాంతో అచ్చులు వదిలేసి కచటతపలకు వచ్చాను. ఇప్పుడు నా డబ్బాలో అయిదు అరలు, పైనుంచి కిందికి క, చ, ట, త, ప. కచటతపలకు గసడదవలు వస్తాయని బడిలో బెత్తంతో నేర్పారు. ఆ సూత్రం ఇన్నేళ్లకు నాకు అక్కరకు వచ్చింది ఇక్కడే, అదీ సగమే.

రెండు పేర్లెందుకు, సీరియల్ ఒక్కటి చాలదా అని మా తమ్ముడే వాదించాడు. వాడికి జవాబు ఒక కేబుల్ చెప్పింది. ‘చ’లో ఉన్న డిస్కుకి స్మార్ట్ రిపోర్టులో 199వ లెక్క సున్నా నుంచి 46కి పోయింది. అది సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే డిస్కుకీ బోర్డుకీ మధ్య దారిలో మాట చెడిపోయిన సార్లు. ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదు, కాబట్టి 46 చూసి భయపడటం కాదు, 47 అవుతుందా అని చూడాలి. అయింది. తప్పు డిస్కుదా, దారిదా? మెషిన్ ఆపి, ‘చ’లో డిస్కును ‘ట’లోకి, ‘ట’లోదాన్ని ‘చ’లోకి మార్చాను. రెండింటి లెక్కా ఆ రోజు తేదీతో తలుపు కాగితం మీద రాశాను. వారం తర్వాత చూస్తే, ‘ట’లోకి పోయిన పాత డిస్కు లెక్క కదల్లేదు. ‘చ’లోకి వచ్చిన కొత్త పిల్లకి 11. తప్పు డిస్కును పట్టుకుని పోలేదు, అరలోనే ఉండిపోయింది. సాటా కేబుల్ మార్చాను, ఆగిపోయింది. ఆ కేబుల్ ధర రెండు ప్లేట్ల బిర్యానీ కూడా కాదు. చోటు పేరు ఒక్కటే ఉన్నా, ఒంటి పేరు ఒక్కటే ఉన్నా, బాగున్న డిస్కును వారంటీకి పంపి, కొత్తది వచ్చాక దానికీ అదే తప్పు వస్తే నెత్తి పట్టుకునేవాణ్ని.

అలాగని ఊరికే అరలు మార్చడం నాకు ఇష్టం లేదు. నల్లగొండ ఎండ 44 దాటినప్పుడు మధ్య అరలో డిస్కు 53 డిగ్రీలు చూపించింది. చాలా డిస్కులు 60 దాకా ఓర్చుకుంటాయని కాగితం మీద ఉంటుంది కానీ నా గుండె ఓర్చుకోలేదు. అప్పుడు అన్నింటినీ ఒకసారి సర్ది, ఫ్యాన్‌కి ఎదురుగా వయసు మళ్లినదాన్ని పెట్టాను. రోజుకి 24 గంటల చొప్పున ఏడాదికి 8,760 గంటలు, అది అప్పటికి 35 వేలు దాటింది. అంతే, ఆ ఒక్కసారే. నెలనెలా చోట్లు మారిస్తే అన్నీ సమానంగా అరుగుతాయనే వాళ్లున్నారు. బైకు టైర్లు కావు కదా అవి. తీసి పెట్టిన ప్రతిసారీ కేబుల్ వదులవుతుంది, చెయ్యి జారుతుంది, కాగితం మీద రాయడం మరిచిపోతాం. కారణం ఉంటేనే ముట్టుకోవాలి, ముట్టుకుంటే ముందు కాగితం రాయాలి.

రెయిడ్ ఉంది కాబట్టి బ్యాకప్ ఎందుకు అనేవాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు. చెల్లె ఇంట్లో, మిర్యాలగూడలో, ఇంకో కాపీ ఉంది. దాని ధైర్యంతోనే పూల్ మొత్తం చెరిపి అయిదు డిస్కులతో రెయిడ్-జడ్ 2 కట్టుకున్నాను. ఇప్పుడు రెండు పోయినా నిలబడుతుంది.

అందరూ సర్వర్ లోపలి డిస్కుల గురించే మాట్లాడతారు, నాకు మాత్రం సొరుగులో పడి ఉన్న డిస్కు అంటేనే భయం. ఆ రాత్రి తీసిన బీ డిస్కును వారంటీకి పంపుదామని సొరుగులో పడేశాను. రెండు నెలలకు చూస్తే సొరుగులో అలాంటివే మూడు. ఒకటి కొత్తది, ఒకటి పాతదైనా మంచిది, ఒకటి చచ్చింది. తేల్చుకోవడానికి ఒక పూట పట్టింది.

మొన్న మాఘంలో దేవరకొండలో లగ్గం తీస్తున్నాను. బరాత్ నడుస్తోంది, డీజే మోతకు జేబులో ఫోన్ మోగింది కూడా తెలియలేదు, వణుకుడే తెలిసింది. పూల్ మళ్లీ డిగ్రేడెడ్. పక్క సందులోకి పోయి ఫోన్లోనే స్టేటస్ చూసి, తలుపు కాగితం ఫోటో తెరిచి పోల్చుకుని తమ్ముడికి ఫోన్ చేశాను.

“మెషిన్ ఆపు. ‘ట’ అర. టమాట ట.”

“ట. ఉన్నదన్నా.”

“అంచు మీద స్టిక్కర్ సదువు.”

“ఏడు, కే, నాలుగు... డీ.”

“అదే. అది తీసి, టేబుల్ మీద అట్టడబ్బాల కొత్తది ఉంటది, అది పెట్టు. పెట్టే ముందు దాని నంబర్ ఫోటో కొట్టి నాకు పంపు.”

పది నిమిషాలకు ఫోటో వచ్చింది, తర్వాత సర్వర్ లేచింది. సందులో గోడకు ఆనుకుని నిలబడి రీప్లేస్ కమాండ్ కొట్టాను. కొత్త డిస్కు నిండటానికి మర్నాడు సాయంత్రం అయింది.

ఇల్లు చేరేసరికి తెల్లారుజాము. టేబుల్ మీద, తీసిన డిస్కు బోర్లా పెట్టి ఉంది. దాని ఒంటి నిండా, ఆ గుండుసూది రంధ్రాన్ని మాత్రం వదిలేసి, మా తమ్ముడి కోడిగీతల రాతలో పెళ్లి సీడీల మార్కర్‌తో ‘సచ్చింది’ అని, కింద తేదీ.